చాపకూడులో లేని కూడు

మా నాయనమ్మ అన్నాన్ని ఏనాడూ అన్నం అనలేదు. కూడు అనేది. "కూడు తిన్నావంట్రా అయ్యా?" అని అడిగేది. గుంటూరు హాస్టలు నుంచి సెలవులకు వచ్చి "భోంచేశానే" అంటే పకపకా నవ్వేది. "భోంచేసేదానికి మనమేమన్నా కరణాలమంట్రా" అనేది. డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఆ కూడు అన్న మాట వింటే సిగ్గేసేది. బయట ఆ మాట తిట్టేటప్పుడే వాడతారని అప్పటికే తెలిసిపోయింది. పనికిమాలినవాడికి పెట్టేది దండగ కూడు, చచ్చినవాడికి పెట్టేది పిండాకూడు. బతికున్నవాళ్లు రోజూ తినేదాన్ని కూడు అనేది మా మాదిగపల్లెలోనే అనుకునేవాణ్ణి.

తరవాత సోషల్ టీచరునయ్యాను. చరిత్ర చెప్పే పని మీద పడ్డాక గమనించాను, మా పల్నాడు అన్నిటికంటె గొప్పగా చెప్పుకునే భోజనం పేరులో ఉన్నది కూడా కూడే అని. చాపకూడు.

పల్నాడు పిల్లలకు ఆ కథ ఉగ్గుపాలతో వస్తుంది. పన్నెండో శతాబ్దం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓడినవాళ్లకు ఏడేళ్ల వనవాసం, ఆఖరికి నాగులేటి ఒడ్డున కారంపూడిలో యుద్ధం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడనీ, మాలవాడైన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడనీ చెబుతారు. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకి మొదలై అయిదు రోజులు కారంపూడిలో వీరుల తిరనాళ్ల జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు పెడతారు.

ఈ పాఠం చెప్పేటప్పుడు ఒకసారి ఒక పిల్ల లేచి, "ఆ చాప మీద కూర ఏందండీ సార్?" అని అడిగింది. తరగతి గొల్లుమంది. నేను నవ్వలేకపోయాను. మేం చెప్పే పాఠంలో ఎవరు కూర్చున్నారో ఉంటుంది గాని ఏం తిన్నారో ఉండదు. చాప మీద అందరూ కూర్చున్నారు సరే. అందరి కూడూ ఆ చాప మీదికి వచ్చిందా? మా ఇంటి కుండలో ఉన్నది అక్కడ వడ్డించారా? లేక మేమే మా కుండని ఇంటిదగ్గర దాచిపెట్టి వాళ్ల కూడు తినడానికి పోయామా?

ఆ పిల్ల ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకున్న ఆధారం మా ఇల్లే. అందుకని మా ఇంటి కుండ చరిత్ర రాస్తున్నాను.

పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు ఈ వీరుల కథని ద్విపదలో రాశాడు. రాజుల ఇళ్లలో తిన్న కవి ఆయన. ఆయనవని లోకం చెప్పుకునే చాటువుల్లో పల్నాటి రాళ్లనీ, తేళ్లనీ, నీళ్లనీ, జొన్నకూడునీ ఎగతాళి చేశాడు. ఈ సీమలో ఎటు చూసినా జొన్నలే, సన్నన్నం మాత్రం సున్న అని బాధపడ్డాడు. పండితులు ఆ పద్యాలు చదివి ఇప్పటికీ ముసిముసిగా నవ్వుకుంటారు. నేను ఆ సంగతి మా నాయనమ్మకి చెబితే ఆమె నవ్వలేదు. "ఆయనకి జొన్నకూడు దొరికిందా? అదృష్టవంతుడు" అంది.

ఆమె చిన్నతనంలో మా పల్లెలో జొన్నకూడు అంటే కోతల రోజుల మాట. కూలి గింజలు ఇంట్లో ఉన్నన్నాళ్లే ఆ వైభోగం. మిగతా రోజులు వరిగలు, ఆరికలు. అవీ అయిపోతే అంబలి. వానలు పడితే చేలగట్ల మీద దొగ్గలి కూర, చెంచలి కూర, తుమ్మికూర, పొనగంటి. ఆ ఆకుల పేర్లన్నీ ఆమెకి నోటికొచ్చు. నాకు నాలుగైదు తెలుసు. నా కూతురికి ఒక్కటీ తెలియదు. వరి అన్నం ఏడాదికి రెండుసార్లు వండేవాళ్లంట. క్రిస్మస్‌కి ఒకసారి, ఇంట్లో పెళ్లయితే ఒకసారి. ఆ రోజు పిల్లలు చెయ్యి కడుక్కునేవాళ్లు కాదంట, వాసన పోతుందని.

ఇక మాంసం సంగతి. ఇది రాయకుండా మా కూడు గురించి రాయడం అబద్ధం రాయడమే.

ఊళ్లో గొడ్డు చస్తే మా పల్లెకి కబురు వచ్చేది. మావాళ్లు పోయి ఈడ్చుకురావాలి. తోలు తీసి, ఊనించి, చెప్పులూ మోటలకి తోలు తొండాలూ కుట్టి ఊరికివ్వాలి. మాంసం మా వాటా. అంటే చేసిన పనికి చచ్చిన గొడ్డుని జీతంగా ఇచ్చారు. తరవాత ఆ జీతం తిన్నందుకే అంటరానివాళ్లన్నారు. అంబేడ్కర్ 1927లో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని మనవాళ్లకి చెప్పాడు. 1948లో అంటరానివాళ్ల గురించి రాసిన పుస్తకంలో, పైవాళ్లు ఆవుమాంసం మానేశాక కూడా మానలేకపోయినవాళ్ల మీదే అంటరానితనం పడిందని వాదించాడు. మా తాత ఆ పుస్తకం చూడలేదు. అయినా ఆయన తరంలోనే మా పల్లె చచ్చిన గొడ్డుని మానేసింది. "మేం రాము, మీరే ఈడ్చుకోండి" అని ఊరికి చెప్పారంట. ఆ ఏడు కూలికి పిలిచినవాళ్లు లేరంట. అప్పటినుంచీ సంతలో కోసిన మాంసం కొనుక్కోవడం మొదలైంది. మానేసింది చచ్చినదాన్ని. రుచిని కాదు.

నేను పుట్టేనాటికి ఇంట్లో ఆ రుచి ఒక్కటే వైభోగం. మాంసం తెచ్చిన రోజు పల్లెకి పల్లే వాసన. సగం ఆ పూట కూర, సగం తునకలు. సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేవాళ్లు. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చునే ఉద్యోగం నాది. నా మొదటి ప్రభుత్వ ఉద్యోగం అదే అని ఇప్పటికీ మా అమ్మ ఎగతాళి చేస్తుంది. ఊళ్లో దండేల మీద బట్టలు ఆరేవి, మా దండేల మీద తునకలు ఆరేవి. దూరం నుంచి చూసి ఎవరి పల్లె ఏదో చెప్పొచ్చు. ఒక మాట దాచకుండా చెప్పాలి. మాలపల్లెకీ మాకూ మధ్య కూడా కంచం కలిసేది కాదు. వాళ్లూ అదే మాంసం తినేవాళ్లు. అయినా మా ఇంట్లో మంచినీళ్లు తాగేవాళ్లు కాదు. కన్నమదాసు వీరగాథ వింటున్నప్పుడల్లా ఆ చాప మీద మా పెద్దలు ఏ మూల కూర్చున్నారో అని నాకు అనుమానం.

కరువుల గురించి ఎక్కువ రాయను. 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమని తుడిచిపెట్టింది. లక్షకు పైగా జనం పోయారు. 1876-78 ధాత కరువులో సర్కారు పనుల్లో కూలికి రోజుకి ఒక పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టాడు. పౌను అంటే 450 గ్రాములు. రాళ్లు కొట్టే మనిషికి! ఆ కరువులోనే క్లౌ దొర ఒంగోలు దగ్గర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి పని చూపించాడు. కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపి, ఆ తరవాత 1878 జులై 3న ఒక్కరోజునే 2,222 మందికి ఇచ్చారు. అంతకుముందే, 1849లో, హేయర్ దొర గుంటూరు నుంచి మా గురజాలకి వచ్చి ఉన్నాడు. మాదీ కిరస్తానీ ఇల్లే. కూటికోసం కలిశారని మమ్మల్ని చిన్నప్పటినుంచీ అంటూనే ఉన్నారు. కూటికోసమైతే ఏం? కూడు పెట్టనిచోట పడి ఉండటం ఏ పుణ్యం? గుడిలో ప్రసాదం చేతిమీద పడేసేవాళ్లు, చర్చిలో బల్ల రోజున ఒకే రొట్టె తుంచి ఇచ్చారు. మా ముత్తాతలకి ఆ తేడా తెలియడానికి చదువు అక్కర్లేకపోయింది.

వరి అన్నం మాకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కాలువలో, రెండోది డిపోలో. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలింది. కుడికాలువ కింద జొన్నచేలు వరిమళ్లయ్యాయి. నీళ్లు భూములున్నవాళ్లకి వచ్చాయి, మాకు నాట్లూ కోతలూ వచ్చాయి. కూలి జొన్నల్లోంచి వడ్లల్లోకి మారింది. మా నాయనమ్మకి కాలువ వచ్చిందంటే అంతే అర్థం. 1983లో రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక ఆ మాత్రం వడ్లకి కూడా ఎదురుచూడక్కర్లేకపోయింది. చివరిదాకా ఆమె వాటిని రామారావు బియ్యమనే అంది. రాళ్లూ పురుగులూ ఉండేవి. చేటలో వేసి చెరుగుతూ ఆయన్ని దీవించేది, డీలరుని తిట్టేది.

మా నాన్న సున్నంబట్టీలో పనిచేసేవాడు. పిడుగురాళ్ల అంటే సున్నమే కదా. బట్టీలో రాయీ బొగ్గూ పొరలు పొరలుగా పోసి కాలుస్తారు. కాలిన సున్నానికి తడి తగిలితే మళ్లీ మంటే. అందుకని మధ్యాహ్నం అన్నం ముందు నాన్న నేరుగా చేతులు కడిగేవాడు కాదు. ముందు పొడిగుడ్డతో దులుపుకుని, ఆముదం రాసి మళ్లీ తుడుచుకుని, ఆ తరవాత నీళ్లు పోసుకునేవాడు. అయినా వేళ్ల పగుళ్లలో మిగిలిన సున్నం అన్నం కలిపేటప్పుడు చురుక్కుమనేది. నేను కారియరు తీసుకుపోయిన రోజుల్లో నాకు మొదటి ముద్ద పెట్టేవాడు. ఆ ముద్దలో గోంగూర పులుపూ, ఆముదం వాసనా, కాస్త సున్నం చేదూ ఉండేవి. తరవాత చాలా హోటళ్లలో తిన్నాను. ఆ మొదటి ముద్ద మాత్రం నాలుక మీంచి పోలేదు. బట్టీల దగ్గర ఒక టీ కొట్లో నాన్నవాళ్లకి గ్లాసులు వేరే ఉండేవి, బయట చూరులో. తాగి కడిగి అక్కడే పెట్టాలి. ఆయన నాకు ఎప్పుడూ అక్కడ టీ ఇప్పించలేదు. డబ్బుల్లేక అనుకునేవాణ్ణి.

1995లో బడిపిల్లలకి నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చే పథకం వచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. హాజరు ఉంటేనే బియ్యం. ఆ సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతుంటే నాయనమ్మ గడపలో నిలబడి, "మా అయ్య సంపాయించుకొస్తన్నాడు" అని పల్లెంతా వినబడేట్టు అరిచేది. నన్ను బడి మాన్పించకపోవడానికి నా తెలివితేటలు కారణమని మావాళ్లు అంటారు. నాకు మాత్రం ఆ మూడు కిలోల మీదే అనుమానం.

ఇంటర్‌కి గుంటూరు పోయాను. సంక్షేమ హాస్టలు. అక్కడి పప్పులో పప్పు వెతుక్కోవాలి. ఆ సంగతి హాస్టల్లో చదివిన ప్రతివాడూ రాశాడు, నేను మళ్లీ రాయను. నేను రాయాల్సింది బయటి వీధుల గురించి. గుంటూరు నాకు ఆకలిని కాదు, తిండిపోతుతనాన్ని నేర్పింది. శంకర్ విలాస్ సెంటర్లో సాయంత్రం మిరపకాయ బజ్జీ కోసి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండితే, దానికోసం నేను నడిచే వెళ్లి బస్సు డబ్బులు మిగిల్చేవాణ్ణి. పొద్దున బండి మీద ఇడ్లీ, పైన కారప్పొడీ నెయ్యీ. ఆ బండి దగ్గర నా పక్కన ఒక ప్లీడరు, అవతల రిక్షా తొక్కే మనిషి. అందరికీ ఒకటే ప్లేటు, ఒకటే బకెట్లో కడుగుడు. నన్నెవరూ "మీరేమిటోళ్లు?" అని అడగలేదు. పట్నం గొప్పతనం అదే అనుకున్నాను. బ్రహ్మనాయుడు వేసిన చాప ఇక్కడ తోపుడుబండి అయిందని హాస్టల్లో ఉపన్యాసం కూడా ఇచ్చాను.

బండి దగ్గర అడగరు. గది అద్దెకి అడిగితే అడుగుతారు. ఈ పాఠం హైదరాబాదులో నేర్చుకున్నాను.

2010లో బీఈడీ అయ్యాక కోచింగుకని పోయాను. అశోక్‌నగర్లో నలుగురం ఒక గది. చిక్కడపల్లి లైబ్రరీలో పగలంతా చదువు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. ఇంటాయన గది చూపించిన రోజే, "నాన్‌వెజ్ అంటే కోడి, మేక వరకే" అన్నాడు. మేం తల ఊపాం. తెలివిగా అడిగాడు. కులం అడగకుండానే కులం అడిగేశాడు. మా అమ్మ సంచిలో అడుగున పెట్టి పంపిన తునకలు ఆ గదిలో ఏడాదిపాటు వండలేదు. ఒకరోజు చాటుగా మూట విప్పి వాసన చూసుకున్నాను. ఆ తరవాత బూజు పట్టిందని పారేశాను. అది నేను చేసిన పాపాల్లో ఒకటి.

మాంసం తినాలనిపిస్తే పాతబస్తీ వైపు పోయేవాళ్లం. కళ్యాణి బిర్యానీ. పెద్దమాంసం ముక్కలు, కొత్తిమీర, ధనియాల వాసన, చవక. మొదటిసారి తిన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది మా ఇంటి కూరే, బియ్యంలోకి దిగి పెద్దింటి బట్టలు కట్టుకుంది. బీదర్ పక్కన ఉన్న కళ్యాణి, అంటే ఇప్పటి బసవకల్యాణ్, నవాబుల వంటింట్లోంచి అది వచ్చిందని చెబుతారు. చరిత్ర విద్యార్థిని కదా, ఆ ఊరి పేరు దగ్గర ఆగిపోయాను. బ్రహ్మనాయుడు చాప పరిచిన పన్నెండో శతాబ్దంలోనే అదే కల్యాణంలో బసవన్న కులం వద్దన్నాడు. అక్కడ చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మడైన మధువరసు కూతుర్నిచ్చి పెళ్లిచేశారనీ, అందుకు బిజ్జలరాజు ఆ ఇద్దరు తండ్రుల్నీ చంపించాడనీ శరణుల చరిత్ర చెబుతుంది. చాప మీద కలిసి తింటే పాట కట్టారు. పందిట్లోకి వస్తే చంపారు. ఆ రోజు నుంచీ నేను ఆ బిర్యానీ తింటున్నప్పుడల్లా హరళయ్య గుర్తొస్తాడు. ఆయన మా వృత్తివాడు.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టారు. మా గదిలో ఇద్దరు పోయారు. నేను పోలేదు. డీఎస్సీ ముందుంది, కేసు పడితే ఉద్యోగం రాదని భయం. రాత్రి వాళ్లు వచ్చి, దాడి జరిగిందనీ రాళ్లు పడ్డాయనీ చెబుతుంటే నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఏ పేజీయో ఇప్పుడు గుర్తులేదు.

ఉద్యోగం వచ్చింది. పల్నాట్లోనే. రాష్ట్రంలో వండిపెట్టే మధ్యాహ్న భోజనం 2003లో మొదలై 2008కి హైస్కూళ్లకి కూడా వచ్చింది. నేను పనిచేసిన ఒక ఊళ్లో వంటామె మా పల్లె మనిషి. కొందరు పిల్లలు ఇంటినుంచి కారియర్లు తెచ్చుకునేవాళ్లు. కారణం ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. నేను రోజూ పిల్లల వరసలో కింద కూర్చుని తినేవాణ్ణి. నాతోపాటు ఇద్దరు ముగ్గురు వచ్చారు. మిగతావాళ్లు గుడ్డు పెట్టే రోజు మాత్రం వరసలో నిలబడేవాళ్లు. పెంకు ఉన్న గుడ్డుకి మైల అంటదు కదా! ఎవరి గుడ్డు వాళ్లు ఒలుచుకుంటారు. ఇంత సూక్ష్మం మనుస్మృతిలో కూడా ఉండదేమో అనుకుని నవ్వుకున్నాను.

ఇప్పుడు 2025 జూన్ నుంచి బడుల్లో సన్నబియ్యం. శ్రీనాథుడు సున్న అన్న సన్నన్నం మా పిల్లల కంచాల్లోకి వచ్చింది. ఆయన వెక్కిరించిన జొన్నలు పట్నం పోయాయి. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం చేసింది. మా నాయనమ్మ గతిలేక తిన్న ఆరికలు ఇప్పుడు ప్యాకెట్లో షుగరు మందు. ఆమె 2016లో పోయింది. ఉంటే ఆ ధర చదివి వినిపించేవాణ్ణి.

ఒక కార్తీకంలో మా అమ్మని కారంపూడి తీసుకుపోయాను. మందపోరు రోజు. జనంలో కూర్చుని చాపకూడు తిన్నాం. అమ్మ కళ్లకద్దుకుని తింది. బస్సెక్కాక, "అందరం కలిసి తిన్నాం, బాగుంది. మరి మన కూరెందుకు తేలేదయ్యా వాళ్లు?" అంది. కొంచెం ఆగి, "తెచ్చినా మనం తిని ఉండేవాళ్లం కాదులే, సిగ్గేసి" అంది.

ఆ సిగ్గు నా దగ్గర ఇంకా ఉంది. స్టాఫ్‌రూంలో నా బాక్సు తెరిస్తే, "ఏంటి మాస్టారూ, మంచి వాసన" అంటారు. "మేకండీ, ఎండుమాంసం" అని చెబుతూ వచ్చాను. పన్నెండేళ్లుగా. ఒకాయన రుచి చూస్తానంటే, కారం ఎక్కువైంది వద్దులెండి అని మూత పెట్టేశాను. ఆయన మంచివాడు. ఈ పుస్తకం అచ్చయ్యాక ఆయన చదువుతాడు.

అందుకని మా ఇంటి కూర ఎట్లా వండుతారో ఇక్కడే రాసి పెడుతున్నాను. ఆ రోజు తరగతిలో అడిగిన పిల్ల కూడా చదువుకోవచ్చు. పెద్దమాంసం కండ ఎంచుకుని వేలెడు వెడల్పున పొడుగ్గా కొయ్యాలి. కళ్లుప్పూ పసుపూ పట్టించి, మంచి ఎండలో మూడు నాలుగు రోజులు దండెం మీద ఆరెయ్యాలి. రాత్రి ఇంట్లోకి తియ్యాలి, మంచు పడకూడదు. విరిస్తే పుటుక్కుమంటే ఎండినట్టు. వండే రోజు నిప్పుల మీద కాల్చి, రోట్లో వేసి నలగ్గొట్టి, వేడినీళ్లలో కాసేపు నానబెట్టి కడగాలి. ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేగాక తునకలు వేసి, నీళ్లు పోసి మెత్తబడేదాకా ఉడికించాలి. గోంగూర ముందే వెయ్యకూడదు, పులుపు తగిలితే ముక్క ఉడకదు. ముక్క ఉడికాక ఆకు వేసి, కారం చల్లి, గరిటెతో ఎనిపి దించెయ్యాలి. మా నాయనమ్మ దీన్ని జొన్నకూట్లోకి వండేది. అన్నంలోకయితే కాస్త నీళ్లు ఎక్కువ పోసేది.